బిడ్డకు ముందుగా కట్టవలసిన రక్ష

(కోరుట్లలో జరిగిన మహిళా భక్తుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  

 

ఈ వేదికపైకి నన్ను పిలిచినప్పుడల్లా ధర్మకర్తలు ఒక పురాణఘట్టాన్నో, ఒక వ్రతమాహాత్మ్యాన్నో వివరించమని కోరుతుంటారు. ఈసారి వారు అప్పగించిన విషయం వేరు. స్త్రీలకు వచ్చే గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును గురించి, దానికి మూలమైన సూక్ష్మక్రిమిని గురించి, పిల్లల వయస్సులోనే దానిని నివారించే మార్గాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. వైద్యులుండగా వ్యాకరణం చదివినవాని చేత ఈ మాటలు చెప్పించడమెందుకని మీలో కొందరికి తోచవచ్చు. దవాఖానకు వెళ్ళిన తరువాత చెప్పవలసినది వైద్యులే చెబుతారు. అక్కడికి వెళ్ళనీయకుండా మనలను ఇంట్లో కూర్చోబెట్టే సంకోచం ఒకటి ఉన్నది. దానికి మనం తరచు ఆచారమని పేరు పెడతాము. ఆచారం పేరు వినిపించినచోట బదులు చెప్పవలసిన బాధ్యత పండితునిది. అందువల్ల ఒప్పుకొన్నాను.

ఆలయమండపంలో స్త్రీల శరీరధర్మాలను గూర్చి మాట్లాడవచ్చునా అన్న సందేహం మొదట తీర్చుకొందాము. మన పూర్వులకు ఈ సంకోచం లేదు. చరకసంహిత చికిత్సాస్థానంలో స్త్రీల జననేంద్రియాలకు వచ్చే రోగాలను ఇరవై విధాలుగా విభజించి, ఒక్కొక్కదాని లక్షణం, చికిత్స చెప్పారు. సుశ్రుతుడు గడ్డగా పెరిగి మాంసాన్ని పట్టుకొనే వ్యాధికి అర్బుదమని పేరు పెట్టి వివరించాడు. ఈనాడు క్యాన్సరుకు మన పుస్తకాల్లో వాడే అర్బుదమన్న మాట అక్కడినుండి వచ్చినదే. ఋషులు ఉచ్చరించి, శిష్యులకు పాఠం చెప్పిన విషయాన్ని తల్లి తన బిడ్డకు చెప్పడానికి సిగ్గుపడవలసిన పనిలేదు.

ఇక రోగాన్ని గూర్చి. గర్భసంచికి క్రిందిభాగంలో ఒక సన్నని ద్వారమున్నది. దానిని గర్భాశయ ముఖద్వారమంటారు. అక్కడ పుట్టే క్యాన్సరు వల్ల 2022 సంవత్సరంలో ప్రపంచమంతటా సుమారు 6 లక్షల 60 వేలమంది స్త్రీలు కొత్తగా రోగగ్రస్తులయ్యారని, సుమారు 3 లక్షల 50 వేలమంది మరణించారని అంతర్జాతీయ లెక్కలు చెబుతున్నాయి. అందులో మన దేశపు వాటా చాలా పెద్దది. ఆ ఒక్క ఏడాదిలో భారతదేశంలో 1 లక్షా 20 వేలకు పైగా కొత్త రోగులు, దాదాపు 80 వేల మరణాలు. ఈ లెక్కలోని స్త్రీలలో అధికులు ఇంటిని నిలబెడుతున్న వయస్సువారు. చాటను ఒడిలో పెట్టుకొని తునికాకు కత్తిరించే తల్లులు, సాంచాల చప్పుడు మధ్య కండెలు చుట్టే తల్లులు, మగవారు దుబాయికో మస్కట్‌కో వెళ్ళగా ఇల్లూ పొలమూ ఒంటిచేత్తో నడుపుకొనే తల్లులు ఆ వయస్సువారే.

ఈ క్యాన్సరుకు కారణం హ్యూమన్ పాపిల్లోమా వైరస్. క్లుప్తంగా హెచ్.పి.వి. అంటారు. ఈ సంబంధాన్ని నిరూపించిన జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జూర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ఈ వైరస్‌లో 200కు పైగా రకాలున్నాయి. కొన్ని చర్మంపై పులిపిర్లు మాత్రమే కలిగిస్తాయి. పన్నెండు, పదమూడు రకాలు క్యాన్సరుకు దారితీయగలవు. వానిలోనూ 16, 18 అనే సంఖ్యలతో పిలిచే రెండు రకాలే ఈ రోగంలో సుమారు నూటికి డెబ్బై వంతులకు కారణం.

ఇది దాంపత్య సంపర్కం ద్వారా, చర్మానికి చర్మం తగలడం ద్వారా వ్యాపిస్తుంది. ఎంత సామాన్యమైనదంటే, వివాహజీవితం గడిపిన స్త్రీపురుషులలో చాలామందికి ఏదో ఒక కాలంలో ఇది సోకే ఉంటుంది. సోకినట్లు వారికి తెలియను కూడ తెలియదు. జ్వరం రాదు, నొప్పి ఉండదు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఒకటి రెండు సంవత్సరాలలో శరీరమే దానిని తొలగించుకొంటుంది. ఏ కొద్దిమందిలోనో అది పోకుండా తిష్ఠవేసి, ముఖద్వారపు కణాలను నెమ్మదిగా మార్చుతుంది. ఆ మార్పు క్యాన్సరుగా పరిణమించడానికి సాధారణంగా పదిహేను, ఇరవై సంవత్సరాలు పడుతుంది. రోగనిరోధకశక్తి తగ్గినవారిలో ఇంకా త్వరగా కావచ్చు. పొగత్రాగడం, చిన్న వయస్సులో పెండ్లి, వెంటవెంటనే కాన్పులు ప్రమాదాన్ని పెంచుతాయి. ఆడపిల్లకు 18 ఏండ్లు నిండకుండా పెండ్లి చేయరాదన్న చట్టం ఈ దృష్టితో చూచినా ఆమె దేహానికి రక్షయే.

పదిహేను, ఇరవై సంవత్సరాలని అన్నాను. ఆ కాలపరిమితిని మనస్సులో ఉంచుకోండి. భగవంతుడు ఈ వ్యాధి విషయంలో మనకు ఇచ్చిన గడువు అది. టీకా, పరీక్ష అనే రెండు ఉపాయాలూ ఆ గడువును వినియోగించుకొనేవే.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. పేరు చెప్పను, ఊరు చెప్పను. నా పురాణకాలక్షేపానికి చాలాకాలం తప్పకుండా వచ్చిన ఒక తల్లి ఉండేది. బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను పెంచింది. స్తంభం ప్రక్కన కూర్చుండి, కథ ముగిసేవరకు కదిలేది కాదు. ఒక కార్తికమాసం నుండి ఆమె రావడం మానివేసింది. కోడలిని అడిగితే, అత్తమ్మకు ఒంట్లో బాగుండడం లేదని మాత్రం చెప్పింది. ఏడాదిన్నర తరువాత అసలు సంగతి తెలిసింది. ముట్లుడిగి ఆరేండ్లయిన ఆ తల్లికి మళ్ళీ రక్తం కనిపించడం మొదలైంది. అది మైలయని భావించి ఆమె గుడికి రావడం మానుకొన్నది. దేవుని గదిలో దీపం పెట్టడం కోడలికి అప్పగించింది. ఎవరితోనూ చెప్పలేదు. చివరకు నడుమునొప్పి భరించలేక దవాఖానకు వెళ్ళేనాటికి క్యాన్సరు ముఖద్వారాన్ని దాటి లోపలికి వ్యాపించింది. హైదరాబాదుకు తీసుకొనిపోయారు, కరెంటు పెట్టించారు. ఎనిమిది నెలలు జీవించింది. దేవునియందు భయభక్తులు గల స్త్రీ ఆ భక్తి కారణంగానే తన రోగాన్ని దాచుకొన్నది.

తల్లులారా, శాస్త్రం చదివినవానిగా చెబుతున్నాను, వినండి. ఋతుకాలంలో వచ్చేది ఆర్తవం. కాలం కాని కాలంలో, మితిమీరి స్రవించేది రోగం. ఆయుర్వేదం దానికి అసృగ్దరమని, ప్రదరమని వేరే పేరు పెట్టి చికిత్సాప్రకరణంలో చేర్చింది. వైద్యశాస్త్రం రోగమని నిర్ణయించినదానిని మనం మైలయని మూలకు కూర్చోవడం ఏ ధర్మమూ అంగీకరించదు. ముట్లుడిగిన తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా, రెండు ముట్ల నడుమ రక్తం కనిపించినా, దాంపత్యం తరువాత కనిపించినా, దుర్వాసనతో తెల్లబట్ట విడువకున్నా, ఆ వారంలోనే వైద్యురాలిని చూడాలి. అవన్నీ క్యాన్సరే కానక్కరలేదు. అధికభాగం కాకపోవచ్చు కూడ. కాని కాదని చెప్పగలిగినది పరీక్ష ఒక్కటే.

దీనికి వ్యతిరేకదిశలో మరొక పొరపాటు కూడ మన ప్రాంతంలో కనిపిస్తుంది. కొంచెం తెల్లబట్ట కాగానే, క్యాన్సరవుతుందేమోనన్న భయంతో ముప్పై ఏండ్లకే గర్భసంచి తీయించుకొంటున్నారు. పరీక్షలో దోషం తేలనిదే ఆ శస్త్రచికిత్సకు తొందరపడవద్దు. ముందు పరీక్ష, తరువాత నిర్ణయం. అవసరమైతే మరొక వైద్యురాలిని కూడ అడగండి.

ఇప్పుడు నివారణను గూర్చి. మొదటిది టీకా. సిరిసిల్ల నుండి వచ్చిన పద్మశాలి బంధువులు ఇక్కడున్నారు. చేమగ్గం ఎరిగిన పెద్దలకు పడుగుకు గంజి ఎందుకు పెడతారో నేను చెప్పనక్కరలేదు. పోగు మగ్గానికి ఎక్కి రాపిడి తగలకముందే గంజి పట్టాలి. మగ్గంమీద పోగులు తెగడం మొదలైన తరువాత గంజి కలిపి ఏమి ప్రయోజనం? హెచ్.పి.వి. టీకా కూడ అటువంటిదే. వైరస్ సోకకముందే, అంటే వివాహానికి చాలా ముందుగా, బాల్యంలోనే వేయాలి. అప్పటికే సోకిన వైరస్‌ను అది తొలగించలేదు. అందుకే 9 నుండి 14 ఏండ్ల వయస్సును ఎంచుకొన్నారు. ఆ వయస్సులో శరీరం రక్షణశక్తిని బాగా సమకూర్చుకొంటుంది కూడ.

ఆ వయస్సులో ఆరునెలల వ్యవధితో రెండు మోతాదులు వేసే పద్ధతి ఉన్నది. 15 దాటినవారికి మూడు మోతాదులు చెబుతారు. బాలికలకు ఒక్క మోతాదు కూడ సరిపోగలదని 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మీ బిడ్డకు ఎన్ని అవసరమో వైద్యులు నిర్ణయిస్తారు. విదేశీ టీకాలు 2006 నుండి ఉన్నాయి. మన దేశంలో పుణె నగరంలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావ్యాక్ అనే టీకాకు 2022 జూలైలో అనుమతి లభించింది, 2023 జనవరిలో విడుదలయింది. అది బాలురకు కూడ అనుమతి పొందినది. ఈ వైరస్ పురుషులలోనూ గొంతు, జననాంగాల క్యాన్సర్లకు కారణమవుతుంది. కావున ఇది ఆడపిల్లల గొడవ మాత్రమేనని మగపిల్లల తండ్రులు అనుకోరాదు.

ఫలితమేమని అడుగుతారు. స్కాట్లండ్ దేశంలో 2008లో బడిపిల్లలకు ఈ టీకా ఆరంభించారు. పన్నెండు, పదమూడేండ్ల వయస్సులో టీకా పొందిన ఆ మొదటి తరం బాలికలను పెద్దవారయ్యేవరకు గమనించి, 2024 జనవరిలో ఫలితాలు ప్రకటించారు. ఆ వయస్సులో టీకా వేయించుకొన్నవారిలో ఒక్కరికి కూడ ఈ క్యాన్సరు వచ్చినట్లు కనబడలేదు.

టీకా వేసినచోట నొప్పి, వాపు, కొద్దిపాటి జ్వరం, తలనొప్పి రావచ్చు. కొందరు బాలికలు సూదికి భయపడి కండ్లు తిరిగి పడిపోతారు. అందుకే కూర్చోబెట్టి వేసి, పావుగంట అక్కడే ఉంచుతారు. తీవ్రమైన అలర్జీ ఉన్నవారు ముందుగా చెప్పాలి. గర్భవతులకు వేయరు. దీనివల్ల సంతానం కలగదని ఒక వదంతి ప్రచారంలో ఉన్నది. కోట్లాది మోతాదులు వేసిన తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ భద్రతా సలహాసంఘం పలుమార్లు పరిశీలించింది. వంధ్యత్వానికీ ఈ టీకాకూ సంబంధమున్నట్లు ఆధారం కనబడలేదు. ముఖద్వారపు క్యాన్సరు మాత్రం నిశ్చయంగా సంతానయోగాన్ని హరించగలదు.

ఇంతవరకు వినిన పెద్దలలో ఒకరు తప్పక లేచి, “పంతులుగారూ, ఖమ్మంలో జరిగినదేమిటి?” అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నయే. దానిని దాటవేసి టీకాను పొగడడం న్యాయం కాదు.

2009 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుండి 14 ఏండ్ల బాలికలు సుమారు 14 వేలమందికి ఈ టీకా వేశారు. అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ, భారతీయ వైద్య పరిశోధన మండలి, రాష్ట్రప్రభుత్వం కలిసి నడిపిన కార్యక్రమమది. గుజరాత్‌లోని వడోదరలో కూడ ఇటువంటిదే జరిగింది. టీకా పొందిన బాలికలలో రెండు రాష్ట్రాలలోనూ కలిపి ఏడుగురు మరణించారన్న వార్తతో 2010 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వం దానిని నిలిపివేసింది. విచారణ జరిగింది. ఒక బాలిక నీటిలో మునిగి, ఒక బాలిక పాముకాటుతో, ఇద్దరు పురుగుమందు వల్ల, ఒక బాలిక మలేరియాతో మరణించారని తేలింది. మిగిలిన రెండు మరణాల కారణం అంత స్పష్టంగా తెలియకపోయినా, ఏ మరణానికీ టీకా కారణమని నిర్ధారణ కాలేదు.

అయితే అదే విచారణలో మరొక సంగతి బయటపడింది. చాలామంది బాలికల అంగీకారపత్రాలపై తల్లిదండ్రుల సంతకాలు లేవు. రెండువేలకు పైగా పత్రాలపై వసతిగృహాల వార్డెన్లే సంతకం చేశారు. అనేక పత్రాలపై వేలిముద్రలు మాత్రమే ఉన్నాయి. ఆ వేలిముద్ర వేసినవారికి విషయమేమిటో బోధపరచిన దాఖలా లేదు. ఆ బాలికలలో చాలామంది గిరిజన కుటుంబాలవారు, వసతిగృహాలలో చదువుకొంటున్నవారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం తన నివేదికలో ఈ పద్ధతిని తీవ్రంగా తప్పుపట్టింది.

నేను దీనిని వైదికకర్మల దృష్టితో ఆలోచిస్తాను. ఏ పూజకైనా మొదట సంకల్పం చెప్పిస్తాము. దేశం, కాలం, గోత్రం, నామధేయం, దేనికొరకు చేస్తున్నామో ఆ ఫలం, అన్నీ చెప్పి యజమాని చేత నీళ్ళు విడిపిస్తాము. మంత్రం పురోహితునిదే కావచ్చు, సంకల్పం మాత్రం యజమానిది. ఆయన అధికారమివ్వనిదే, ప్రక్కింటివాడు ఆయన పేరిట సంకల్పం చెప్పి కర్మ జరిపిస్తే అది చెల్లదు. ద్రవ్యం ఎంత శుద్ధమైనదైనా, మంత్రం ఎంత స్పష్టంగా పలికినా చెల్లదు. ఖమ్మంలో జరిగినది ఇదే. ద్రవ్యంలో దోషం కనబడలేదు, సంకల్పం లోపించింది. లోపించిన సంకల్పానికి ప్రజల విశ్వాసం మూల్యంగా పోయింది. ఆ భయంతో వేయించుకోక వయస్సు దాటిపోయిన ఆడపిల్లలు రెండు తెలుగు రాష్ట్రాలలో ఎందరో ఉన్నారు.

కాబట్టి మన కర్తవ్యం స్పష్టం. బడిలోగాని, గురుకులంలోగాని, దవాఖానలోగాని మీ బిడ్డకు టీకా వేస్తామని చెప్పినపుడు అడగండి. ఇది ఏ టీకా? దేనికొరకు? ఎన్ని మోతాదులు? తరువాత జ్వరం వస్తే ఎవరిని పిలవాలి? అడిగి, తెలుసుకొని, మీ చేతితో మీరు సంతకం చేయండి. బిడ్డకు కూడ ఆమెకు అర్థమయ్యే మాటలలో చెప్పండి. అడగడం మీ హక్కు, చెప్పడం వారి విధి. సమాధానం సరిగా దొరికిన తరువాత భయంతో వెనుకకు జరగవద్దు.

నా వయస్సువారందరి చేతులమీద మశూచి టీకా మచ్చలున్నాయి. ఆ రోజులలో టీకా వేసేవారు వస్తున్నారంటే పిల్లలను గాదెలవెనుక దాచిన ఇండ్లున్నాయి. అమ్మవారికి కోపం వస్తుందని భయపడ్డారు. 1975 తరువాత మన దేశంలో మశూచి లేదు. పోచమ్మకు బోనం నేటికీ ఎత్తుతున్నాము, ఆ తల్లి మనపై కోపగించలేదు. పోలియో చుక్కలనూ ఇట్లే శంకించారు. 2011 తరువాత సహజ పోలియో వైరస్ వల్ల ఆ వ్యాధి మన దేశంలో కనబడలేదు. దైవభక్తికీ టీకాకూ విరోధం లేదని మన కండ్ల ముందే రెండుసార్లు నిరూపితమయింది.

మరొక ఆక్షేపణ చాలామంది మనస్సులో ఉన్నది, పైకి అనరు. ఇటువంటి టీకా వేయిస్తే పిల్లలకు చెడునడతకు అనుమతి ఇచ్చినట్లు కాదా? బావికి చుట్టూ గోడ కట్టిన తండ్రి బిడ్డను బావిలోకి వంగి చూడమని చెప్పినట్లా? పసిబిడ్డకు రక్షరేకు కట్టిన అమ్మమ్మ దిష్టిని పిలిచినట్లా? పదేండ్ల బిడ్డకు ఇది ఒక సూది మాత్రమే. శీలం నేర్పేది ఇల్లు, తల్లిదండ్రుల నడవడి. ఆ పని టీకా చేయదు, ఆ పనికి అడ్డమూ రాదు. పైగా మీ బిడ్డ ఎంత నియమంగా జీవించినా, రేపు ఆమె చేయిపట్టే వరుని శరీరంలో ఏమున్నదో మీరెరుగరు, అతడూ ఎరుగడు. జాతకాలు చూచే నాకు అది ఏ చక్రంలోనూ కనబడదు.

ఇక రెండవ ఉపాయం పరీక్ష. టీకా వయస్సు దాటిన తల్లులకు ఇదే ప్రధానం. టీకా అన్ని రకాల వైరస్‌లనుండి కాపాడదు గనుక, టీకా పొందినవారు కూడ పెద్దవారైన తరువాత పరీక్ష చేయించుకోవాలి. 30 ఏండ్లు నిండిన ప్రతి స్త్రీకి ఇది అవసరం. అన్నిటికంటె సులభమైన పరీక్ష సిర్కాలో ఉండే ఆమ్లంతో చేసేది. దానిని పలుచగా నీటిలో కలిపి ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పు చెందిన భాగం తెల్లగా కనిపిస్తుంది. నొప్పి ఉండదు, కోత ఉండదు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రివారు ఆ నగరపు పేదవాడలలో లక్షన్నరమంది స్త్రీలతో పన్నెండేండ్లపాటు ఈ పరీక్షను పరిశీలించారు. పరీక్ష చేసినవారు పెద్ద వైద్యులు కారు. పదవ తరగతివరకు చదివి, కొద్ది వారాల శిక్షణ పొందిన స్థానిక స్త్రీలు. అయినా ఈ క్యాన్సరు మరణాలు దాదాపు మూడవవంతు తగ్గినట్లు 2013లో ప్రకటించారు. మహారాష్ట్రలోనే ఉస్మానాబాద్ జిల్లా పల్లెలలో హెచ్.పి.వి. పరీక్షను జీవితంలో ఒక్కసారి చేసినందుకే మరణాలు సగానికి తగ్గాయని 2009లో వెలువడిన అధ్యయనం తెలిపింది. మనవంటి పల్లెలే, మనవంటి తల్లులే.

దోషం తొలిదశలో, క్యాన్సరుగా మారకముందే కనబడితే, ఆ భాగాన్ని చల్లదనంతోగాని వేడిమితోగాని కాల్చివేసి ఆనాడే ఇంటికి పంపుతారు. గర్భసంచి తీయవలసిన పనిలేదు. క్యాన్సరుగా మారినా, తొందరగా తెలిస్తే నయమయ్యే వ్యాధులలో ఇది ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒక లక్ష్యం నిర్దేశించింది. 2030 నాటికి నూటికి 90 మంది బాలికలకు 15 ఏండ్లలోపు టీకా, నూటికి 70 మంది స్త్రీలకు 35 ఏండ్లకొకసారి, 45 ఏండ్లకొకసారి మేలైన పరీక్ష, దోషమున్నవారిలో నూటికి 90 మందికి చికిత్స అందాలని.

పరీక్ష ఎక్కడ అని అడుగుతారు. 2023 మార్చి 8న మన కరీంనగర్‌లోనే ఆరోగ్యమహిళ కార్యక్రమం ప్రారంభమయింది. ఎంపిక చేసిన ప్రభుత్వ కేంద్రాలలో మంగళవారాలలో స్త్రీలకు స్త్రీలే పరీక్షలు చేసే ఏర్పాటది. క్యాన్సరు పరీక్ష అందులో భాగం. జగిత్యాలలోను, సిరిసిల్లలోను ఇప్పుడు ప్రభుత్వ వైద్యకళాశాలలున్నాయి. పెద్ద చికిత్సకు హైదరాబాదులో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రి ఉన్నది. మీ వాడలోని ఆశా కార్యకర్తను అడిగితే దగ్గరి కేంద్రమేదో, టీకా ఎక్కడ దొరుకుతుందో చెబుతుంది.

బీడీలు చుట్టే తల్లి ఒక పూట పోతే ఎన్ని వందల బీడీల కూలి పోతుందో లెక్క వేసుకొంటుంది. ఆ లెక్క నాకు తెలుసు. ఆ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలు. నలుగురు కలిసి వెళ్ళండి. ముందునాడు ఒకరి చాటకు మరొకరు సాయం పట్టండి. తీర్థయాత్రకు కలిసి వెళ్ళే మనం దీనికి ఎందుకు కలిసి వెళ్ళరాదు?

ఇంకొక్క మాట, ఇది మగవారితో. పరీక్షలో మీ భార్యకు హెచ్.పి.వి. ఉన్నదని తేలవచ్చు. అది శీలపరీక్ష కాదు, అగ్నిపరీక్ష కానేకాదు. ఆ వైరస్ ఎప్పుడు వచ్చిందో, ఎవరినుండి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. పది, పదిహేను సంవత్సరాలు నిద్రాణంగా ఉండి బయటపడవచ్చు. గల్ఫ్‌లో ఉన్న భర్త ఇక్కడి భార్యను శంకించడానికిగాని, ఇక్కడి భార్య అక్కడి భర్తను శంకించడానికిగాని ఆ కాగితం ఆధారం కాదు. నిందపడుతుందన్న భయం ఉన్నంతకాలం స్త్రీలు పరీక్షకు రారు. ఆ భయాన్ని తొలగించగలిగినవారు మీరే. “నేను కూడ వస్తాను, పోదాం పద” అన్న ఒక్క మాట భర్త నోట వస్తే చాలు, సగం వైద్యం జరిగినట్లే.

దాతలకు ఒక విన్నపం. అన్నదానానికి, గోపురాల మరమ్మతుకు మీరు చేసే సాయం భగవంతుడెరుగును. మనుమరాలి పుట్టినరోజునాడు అర్చన చేయించే దాతలు ఆనాడే, ఆ వయస్సులోనే ఉన్న ఒక పేద బాలికకు, ఆమె తల్లిదండ్రులు తెలిసి అంగీకరించిన తరువాత, వైద్యుల ద్వారా ఈ టీకా ఖర్చు భరించవచ్చు. పరీక్షకు వెళ్ళే తల్లులకు ఒక వాహనం ఏర్పాటు చేయవచ్చు. పేరు చెక్కించుకోవడానికి అక్కడ రాయి ఉండదు. ఆ బిడ్డ పెరిగి తల్లియై, ఆమె సంతానంతో ఈ గుడిమెట్లు ఎక్కినపుడు మీ దానం ఫలించినట్లు.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళిన తరువాత చేయవలసినది ఒక్కటే. తొమ్మిది నుండి పద్నాలుగేండ్ల బిడ్డ ఉన్న ఇంట ఆమె టీకాను గురించి తల్లిదండ్రులు మాట్లాడుకోండి. ముప్పై దాటిన స్త్రీ ఉన్న ఇంట ఆమె పరీక్షకు ఒక మంగళవారం నిర్ణయించుకోండి. ముట్లుడిగిన తల్లి ఏ కారణమూ చెప్పకుండా గుడికి రావడం, దీపం పెట్టడం మానుకొంటే, ఆమెను ప్రక్కకు పిలిచి మెల్లగా అడగండి. స్వామి సన్నిధికి ఆమె మళ్ళీ రావాలి. మండపంలో ఆ స్తంభం ప్రక్కన ఆమె చోటు ఆమెకే ఉండాలి.

స్త్రీలకు దీర్ఘసౌమంగళ్యం, బాలబాలికలకు ఆయురారోగ్యాలు స్వామి అనుగ్రహించుగాక.

స్వస్తి.